దార్సైట్ మరువని వర్తకుడు

మస్కట్ నగరమున రూవీ బజారునకును మత్రా రేవునకును నడుమ, చెట్టుచేమ లేని గోధుమవన్నె రాతికొండల సందున ఒదిగియున్న పేట దార్సైట్. దేశము చూడవచ్చిన యాత్రికుడు అచట ఆగడు. ఆగి చూడదగిన రాజప్రాసాదము గాని, పురాతన దుర్గము గాని ఆ పేటలో లేవు. అయినను బ్రతుకుతెరువు వెదకికొని ఒమన్ చేరిన భారతీయునకు, అందు మన తెలుగువానికి, దార్సైట్‌తో ఏదో యొక పొత్తు కుదురక మానదు. శ్రీకృష్ణ మందిరము అచటనే కలదు. ఇండియన్ సోషల్ క్లబ్బు అచటనే కలదు. పిల్లలు చదువుకొను ఇండియన్ స్కూళ్లు ఆ చుట్టుపట్లనే కలవు. శుక్రవారము సెలవునాడు కడప జిల్లానుండి వచ్చిన డ్రైవరు, కరీంనగరమునుండి వచ్చిన తాపీమేస్త్రి, కాకినాడనుండి వచ్చిన ఇంజనీరు, ముగ్గురును ఆ మందిరపు మెట్లకడ ఒకే వరుసలో చెప్పులు విడుచుట అచట నిత్యము చూచు దృశ్యమే.

ఇస్లాము రాజ్యమతమైన అరబ్బు దేశమున, రాజధానీ నగరపు నడిబొడ్డున, పరాయిదేశస్థులకు గుడియు బడియు సభామందిరమును ఇంత నిశ్చింతగా అమరియుండుట దానంతట అది జరిగిన పని కాదు. దాని వెనుక కొన్ని తరముల వర్తకమును, ఆ వర్తకము సంపాదించిపెట్టిన నమ్మకమును, ఆ నమ్మకమును తమ పెట్టెలో దాచుకొనక వెనుకవచ్చువారందరికి పంచిపెట్టిన పెద్దలును కలరు. ఆ పెద్దలలో మన కాలమున అగ్రగణ్యుడు షేక్ కనక్సీ గోకల్దాస్ ఖిమ్జీ. 2021 ఫిబ్రవరి 18వ తేదీన ఎనుబదియైదేండ్ల వార్ధక్యమున ఆయన కన్నుమూసినప్పుడు భారత ప్రధాని మొదలుకొని క్రికెట్ ఆటగాండ్ర వరకు ఎందరో సంతాపము తెలిపిరి. ఆయన గుజరాతీ, తెలుగువాడు కాడు. అయినను ఆయన నాటిన చెట్ల నీడన మనవారు వేలకొలది సేదదీరుచున్నారు గనుక, ఆయన జీవితము మనము తెలిసికొనవలసినదే.

సముద్రవర్తకము తెలుగువారెరుగని సంగతి కాదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము చరిత్ర చదివినవారందరికి పరిచితమే. అంతకుముందటి రాజులు గాలివానకు దారితప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుర్రములను, రత్నములను, సమస్త ధనమును బలాత్కారముగ హరించుచుండగా, గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, సరకులపై ముప్పదింట నొకవంతు సుంకము మాత్రము పుచ్చుకొని, ప్రాణములకు తెగించి కడలి దాటివచ్చు వర్తకులకు అభయమొసగెను. పరదేశి వర్తకునకు కావలసినది లాభమే అని మనము తరచు అనుకొందుము గాని, లాభమునకు ముందు ఆతనికి కావలసినది ఈ అభయము. రాజు అభయమిచ్చిన చోట వర్తకుడు కుదురుకొనును. కుదురుకొన్న వర్తకుడు ఆ నేలకు తిరిగి ఏమిచ్చెనన్నదే ఆతని పెద్దరికమునకు గీటురాయి. కనక్సీ ఖిమ్జీ చరిత్రను ఆ గీటురాయిపై గీచి చూచుట న్యాయమని నా అభిప్రాయము.

మస్కట్ రేవునకును పడమటి భారతమునకును గల సంబంధము మిక్కిలి పాతది. పదునారవ శతాబ్ది నుండియు సింధులోని థట్టా వర్తకులు, వారి తరువాత కచ్ఛదేశపు భాటియాలు అచట కొట్లు పెట్టి కాపురముండిరి. పోర్చుగీసువారు మస్కట్‌ను ఏలుచున్న దినములలో నరోత్తముడను హిందూ వర్తకుడొకడు వారి కోటకు దినుసులు సరఫరా చేయుచుండెను. ఒమనీ చరిత్రకారులు చెప్పు కథ ప్రకారము, ఆ కోటాధిపతి నరోత్తముని కుమార్తెను బలవంతముగ పెండ్లాడజూడగా, అతడు కొంత గడువడిగి, పాత ధాన్యమును, నీటిని, తుపాకిమందును మార్చి క్రొత్తవి నింపెదనని నమ్మబలికి, కోటను ఖాళీచేయించి, ఆ సంగతిని ఇమాము సుల్తాన్ బిన్ సైఫ్‌నకు చేరవేసెను. 1650లో ఇమాము సేనలు మస్కట్‌ను గెలిచి పోర్చుగీసువారిని వెడలగొట్టెను. కథలో కల్పన ఎంతయున్నను, తమ విమోచన కథలో ఒక హిందూ వర్తకునకు చోటిచ్చి దానిని తరతరములుగా చెప్పుకొను జాతి ఔదార్యము మాత్రము కల్పన కాదు.

కనక్సీ ముత్తాత రామ్‌దాస్ థాకర్సీ 1870లో కచ్ఛతీరమందలి మాండ్వీ రేవునుండి ఓడయెక్కి మస్కట్ చేరెను. ఆ నాటి ఓడలకు యంత్రములు లేవు. తెరచాపకు గాలియే దిక్కు. ఈశాన్యపు గాలి వీచు చలికాలమున పడమరకు సాగుటయు, గాలి మరలినప్పుడు ఇంటిదారి పట్టుటయు, నైఋతి ఋతుపవనము ఉగ్రరూపము దాల్చిన మాసములలో ఓడలను ఒడ్డున కట్టివేసికొని లెక్కలు సరిచూచుకొనుటయు వారి వార్షికచర్య. భారతదేశమునుండి బియ్యము, తేయాకు, మసాలా దినుసులు, నూలుబట్టలు వచ్చెడివి. మస్కట్‌నుండి ఖర్జూరము, ఎండునిమ్మకాయలు, ధోఫారు సాంబ్రాణి పోయెడివి. రామ్‌దాస్ కుమారుడు ఖిమ్జీ పేరును తండ్రి పేరును కలిపి ‘ఖిమ్జీ రామ్‌దాస్’ అను సంస్థ వెలసినది. ఖిమ్జీ కుమారుడు గోకల్దాస్, ఆయన కుమారుడు కనక్సీ. 1948 వరకు మస్కట్‌లో బ్యాంకన్నది లేదు గనుక, అప్పు పుట్టవలెనన్న, దాచుకొన్న సొమ్మునకు పూచీ కావలెనన్న, ఊరివారికి ఈ భాటియాల గద్దెలే గతి. చిట్టా పుస్తకము ముందు పెట్టుకొని పరుపుపై బాసికపట్టు వేసికొని కూర్చుండిన షావుకారు మాటయే రసీదుగా చెల్లిన రోజులవి.

కనక్సీ 1936లో మస్కట్‌లోనే జన్మించెను. చదువు బొంబాయిలో సాగెను. చదువు కొరకు బాలుడు సముద్రము దాటవలసివచ్చుటకు కారణము, ఆనాటి ఒమన్ స్థితి. 1970 వరకు దేశము మొత్తముమీద ఉన్నవి మూడు పాఠశాలలు. తారురోడ్డు పది కిలోమీటర్లకు మించదు. మస్కట్ నగరద్వారములు ప్రొద్దుగ్రుంకిన మూడుగంటలకు మూసివేయబడెడివి. కోటపై ఫిరంగి మ్రోగిన పిమ్మట చేతిలో లాంతరు లేక వీథిలో నడచుట నేరము. పక్క వీథిలోని బంధువునింటికి భోజనమునకు పోవలెనన్నను ఇంటివారు ముందుగ లాంతరులో చమురు పోసికొని, వత్తి కత్తిరించుకొని, దానిని చేతబట్టుకొని బయలుదేరవలసినదే. అంగడిలో చెలామణియైన నాణెము మాత్రము మనదే: భారత రూపాయి, 1959 తరువాత మన రిజర్వు బ్యాంకు గల్ఫు దేశములకై ప్రత్యేకముగ ముద్రించిన రూపాయి. 1970లో సయీదీ రియాలు వచ్చు వరకు మస్కట్‌లో ఆ రూపాయియే చెల్లెను.

ఆ 1970వ సంవత్సరమే దేశమునకును కనక్సీకిని మలుపు. జూలై 23వ తేదీన సుల్తాన్ కాబూస్ సింహాసనమెక్కెను. ఆ సంవత్సరమే కనక్సీ కుటుంబవ్యాపారపు పగ్గములు చేపట్టెను. 1967లోనే ఎగుమతి మొదలైన చమురుసొమ్ము ఇప్పుడు రోడ్లుగా, ఆసుపత్రులుగా, బడులుగా, రేవులుగా రూపుదాల్చజొచ్చెను. దేశమునకు ఒక్కసారిగా అన్నియు కావలసివచ్చినవి: సిమెంటు, ఇనుము, బియ్యపుబస్తా, పాలపొడి, సబ్బుబిళ్ల, చేతిగడియారము. తండ్రితాతల కాలపు దినుసుల కొట్టును ఆయన ఆ అవసరమునకు తగినట్లు పెంచి, బహుశాఖలుగల సంస్థగా మార్చెను. ఆ లావాదేవీల వివరము వాణిజ్యపత్రికలకు తగిన విషయము, మనకు పనిలేదు. మనకు పనియున్నది ఆయన కొట్టు కట్టివేసిన తరువాతి వేళలో చేసిన పనులతో.

వానిలో మొదటిది బడి. 1975లో మస్కట్‌లో ఇండియన్ స్కూలు వెలసినది. దాని స్థాపకులలో కనక్సీ ప్రముఖుడు. బడి యనగా పిల్లల విషయమని తేలికగా అనుకొనరాదు. పరదేశపు ఉద్యోగి జీవితమునంతటిని అది తిప్పివేయును. బడి లేని ఊరిలో ఉద్యోగము దొరికిన గృహస్థునకు రెండే మార్గములు: భార్యాబిడ్డలను స్వగ్రామమున విడిచి తానొక్కడే గదిలో వండుకొని తినుట, లేదా బిడ్డ అయిదారేండ్ల వాడు కాగానే తాతగారింటికో హాస్టలుకో పంపి, ఏడాదికొకమారు సెలవులలో ఆ బిడ్డకు క్రొత్తవాడై కనబడుట. మన దేశపు పాఠ్యక్రమమున బోధించు బడి వెలసిననాడు మూడవ మార్గమేర్పడినది. తల్లియు తండ్రియు బిడ్డలును ఒక్క యింటనుండి, రాత్రి భోజనమువేళ బిడ్డ లెక్కల పుస్తకము తండ్రి ముందు తెరచు భాగ్యము కలిగినది. ఆ ఒక్క బడి తరువాత సలాలా, సోహార్, సూర్, నిజ్వా మొదలగు చోట్ల భారతీయ పాఠశాలలు లేచి, నేడు ఒమన్ దేశమున ఇరువదికి పైగా ఉన్నవి. దార్సైట్‌లోని ఇండియన్ స్కూలు వానిలో నొకటి. అచట చదివి మన ఐ.ఐ.టి.లలోను వైద్యకళాశాలలలోను చేరిన తెలుగుపిల్లలకు తమ బడి పునాది గురించి ఎవరును చెప్పియుండరేమో. చెప్పవలెనని నాకు తోచును.

ఇచట ఒక మాట దాచక చెప్పవలెను. ఈ బడి భాగ్యము అందరికిని అందలేదు. కుటుంబమును రప్పించుకొనుటకు జీతమింత యుండవలెనన్న నియమము గల్ఫు దేశములలో పెక్కింట కలదు. రాయచోటినుండి, జగిత్యాలనుండి, గోదావరి జిల్లాలనుండి వచ్చిన తాపీమేస్త్రులు, వడ్రంగులు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు, ఏండ్ల తరబడి ఆ బడుల గోడలు కట్టియు, వానికి సున్నము వేసియు, తమ బిడ్డలను మాత్రము ఫోనులోనే పెంచిరి. వర్తకప్రముఖుల దానశీలము ఈ వెలితిని పూరింపజాలదు. అది ప్రభుత్వములు, యజమానులు కలిసి తీర్పవలసిన ఋణము. అయినను అట్టివారు కష్టమున చిక్కినపుడు, పాసుపోర్టు చేతలేక, జీతము రాక, ఒక్కొక్కప్పుడు శవమై ఇంటికి చేరవలసిన దుర్దినమున, తలుపుతట్టుటకు ఒక భారతీయ సంఘము, ఒక పెద్దమనిషి అనువాడుండుట ఎంతటి ధైర్యమో ఆ స్థితిలో పడినవారికే ఎరుక.

ఆ పెద్దమనిషితనమునకు సుల్తాన్ కాబూస్ ఇచ్చిన రాజముద్రయే ‘షేక్’ బిరుదము. ఒమన్‌లో షేక్ అనగా ధనికుడని అర్థము కాదు. ఒక తెగకో ఒక ఊరికో పెద్దగా ప్రభుత్వము గుర్తించిన వ్యక్తి. తన వారి తగవులు తీర్చుటయు, తన వారి మొర సుల్తాను దర్బారునకు చేర్చుటయు, దర్బారు మాట తన వారికి తెలుపుటయు ఆయన ధర్మము. మన పల్లెలలో రచ్చబండకడ కూర్చుండు గ్రామపెద్ద చేయు పని అది. తరతరములుగా అరబ్బు తెగల వారికే చెల్లుచు వచ్చిన ఆ గౌరవమును ఒమనీ పౌరసత్వము పొందిన ఒక హిందువునకు కట్టబెట్టుట అపూర్వము. లోకమున హిందూ షేక్ అనిపించుకొన్న మొదటివాడు కనక్సీయే అని అందరును చెప్పుదురు. భారత ప్రభుత్వము కూడ 2003లో, ప్రవాసీ భారతీయ సమ్మానము నెలకొల్పిన తొలి సంవత్సరముననే, ఆయనను సత్కరించినది. రెండు దేశములు ఒకే మనిషిని తమవాడని చెప్పుకొనుట అరుదు. ఆ రెండింటిలో ఏ యొక్కదానికిని ఆయన విషయమై సందేహము కలుగకపోవుట అంతకన్న అరుదు.

ఆయన చేసిన పనులలో లోకమునకు ఎక్కువగా తెలిసినది క్రికెట్. ఎడారిదేశమున క్రికెట్ అనగానే నవ్వువారుందురు. నిజమే, ఆ రోజులలో అచట పచ్చికయే లేదు. కంకరనేలపై సిమెంటు పలక పోసి, దానిపై పీచుచాప పరచి, నాలుగంచులు మేకులతో బిగించి, ఎండ ముదురకముందే ఆట ముగించుకొనవలెనని తెల్లవారుజామున మొదలుపెట్టు ఆట అది. చాపపై పడిన బంతి పచ్చికమీద వలె జారదు, ఛాతీయెత్తు లేచును; బంతిని ఆపబోయి పడినవాని మోచేతులు గీరుకొనిపోవును. ఆడువారు కంపెనీలలో గుమస్తాలు, అమ్మకపుదారులు, గిడ్డంగి కాపలాదారులు. వారమంతయు పనిచేసి శుక్రవారము బ్యాటు పట్టువారు. డెబ్బదుల దశాబ్దిలో కనక్సీ వీరిని కూడగట్టి, పోటీలు నడిపి, 1979లో సంఘముగా ఏర్పరచి, దానికి అధ్యక్షుడై దశాబ్దములపాటు దానిని మోసెను. నేటి సుల్తాన్ హైథమ్ బిన్ తారిక్ అప్పటినుండియు ఆ ఆటకు ఆదరువైనారు. ఒమన్ 2000లో అంతర్జాతీయ క్రికెట్ మండలిలో అనుబంధసభ్యత్వము పొందినది. 2011లో ఆ మండలి కనక్సీకి జీవితకాల సేవాపురస్కారమిచ్చి గౌరవించినది. రాజధానికి వెలుపల కొండలకావల అల్ అమరాత్‌లో పచ్చిక మైదానములు వెలసినవి. 2016 మార్చిలో ధర్మశాలలో జరిగిన టి-20 ప్రపంచకప్పు పోటీలో ఒమన్ జట్టు ఐర్లండును ఓడించెను. 2019లో వన్‌డే హోదా లభించినది.

ఈ ఆటకు ఆయన అంత శ్రమయేల పడెనని ఆలోచించితిని. పేరుకొరకైనచో అంతకన్న సులువైన దారులు చాలగలవు. అరబ్బు, బలూచీ, పాకిస్తానీ, శ్రీలంకీయుడు, పంజాబీ, తెలుగువాడు ఒకే చొక్కా తొడిగి ఒకే జట్టుగ నిలుచుటకు ఆ దేశమున మరియొక చోటు లేదు. గుడి హిందువులది, మసీదు ముసల్మానులది, బడి భాషలవారీగా దేశములవారీగా విడివడునది, మైదానమొక్కటే అందరిది. మతములు, జాతులు సామరస్యముతో బ్రతుకవలెనన్న నేలపై పుట్టి పెరిగిన వర్తకునకు ఇది తెలిసియుండుట వింత కాదు.

మందిరముల సంగతి కూడ కొంచెము చెప్పవలెను. పాత మస్కట్‌లో అల్ అలమ్ రాజభవనమునకు సమీపమున మోతీశ్వర శివాలయము కలదు. 2018 ఫిబ్రవరిలో ప్రధాని నరేంద్రమోదీ దర్శించినది ఆ ఆలయమునే. దార్సైట్‌లోనిది శ్రీకృష్ణ మందిరము. రెంటిని కచ్ఛీ గుజరాతీ వర్తకుల మహాజనసంఘము నిర్వహించుచున్నది. కృష్ణాష్టమినాడు దార్సైట్ దారులన్నియు కార్లతో నిండిపోవును. గుడి ఆవరణమున గుజరాతీ భజన యొకవైపు, మలయాళీ స్త్రీల కసవుచీరలొకవైపు, తెలుగు తల్లులు చంకనెత్తుకొన్న చిన్నికృష్ణుల నెమలిపింఛములు మరియొకవైపు. అర్ధరాత్రి హారతికి ముందు వరుస గుడి ప్రాకారము దాటి రోడ్డువరకు సాగును. ఆ మందిరమునుండి కొద్ది దూరముననే సోషల్ క్లబ్బు. భాషలవారీగ అందు విభాగములు గలవు. తెలుగు విభాగము ఉగాదికి పచ్చడి పంచును, సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టును, దసరాకు ముందు బతుకమ్మలు పేర్చును. తంగేడు దొరకని నేలలో సూపర్‌మార్కెట్టు చామంతులతో పేర్చిన ఆ బతుకమ్మ చుట్టు తిరుగు ఆడపడుచులలో కొందరు అక్కడే పుట్టి, అక్కడి ఇండియన్ స్కూలులోనే చదివి, తెలుగు చదువ నేర్వని వారు. అయినను పాటకు చప్పట్లు తప్పరు.

వార్ధక్యమున వ్యాపారభారమును తరువాతి తరమువారు పంచుకొనగా ఆయన కుటుంబమున పెద్దగా, సమాజమున పెద్దగా నిలిచెను. ఆయనకు ఎంతయో ఆత్మీయుడైన సుల్తాన్ కాబూస్ 2020 జనవరి 10వ తేదీన దివంగతుడైనాడు. ఏడాది గడచి నెల తిరిగిన తరువాత, మహమ్మారి లోకమును ఇండ్లలో బంధించియుంచిన కాలమున, కనక్సీ కన్నుమూసెను.

ఆ సంవత్సరమే అక్టోబరులో టి-20 ప్రపంచకప్పు మహమ్మారి కారణముగ భారతదేశమునుండి గల్ఫునకు తరలగా, దాని తొలి పోటీకి ఒమన్ ఆతిథ్యమిచ్చెను. 17వ తేదీ మధ్యాహ్నము అల్ అమరాత్‌లో ఒమన్ జట్టు పాపువా న్యూగినీని పది వికెట్ల తేడాతో ఓడించినది. ఆ ప్రపంచకప్పునకు ఎంపికైన ఒమన్ ఆటగాండ్రలో సందీప్ గౌడ్ ఒకడు. హైదరాబాదున పుట్టి, ఒమన్ చేరి, ఆ దేశపు చొక్కా తొడిగిన తెలుగుబిడ్డ. ఆ క్రికెట్ సంఘమును నేడు నడుపుచున్నది కనక్సీ కుమారుడు పంకజ్ ఖిమ్జీ.